వట్టి వేరే కదా అనుకోకండి

సెంటు సీసాల మీద కనిపించే మాటల్లో నాకు అన్నిటికన్నా వింతగా తోచేది "యూనిసెక్స్" అన్న మాట. ఏ పెద్ద దుకాణానికైనా వెళ్ళి చూడండి. ఒక గోడ నిండా గులాబీ రంగు సీసాలు, వాటిలో మల్లె, గులాబీ, వెనీలా. ఎదురుగోడకి నలుపు, ముదురు నీలం సీసాలు, వాటిలో చెక్క, తోలు, పొగ. ఒకటి ఆడవాళ్ళ గోడ, ఇంకోటి మగవాళ్ళ గోడ. రెండిటి మధ్యా ఒక చిన్న అర ఉంటుంది. అక్కడి సీసా మూత తీస్తే తడిసిన మట్టి, ఎండిన కట్టె, వేళ్ళు కలిసిన వాసన. దీన్ని ఎవరైనా పూసుకోవచ్చట. ఎవరో పెద్దమనసు చేసుకుని మనకి కొత్తగా ఇచ్చిన అనుమతిలా ఉంటుంది ఆ మాట.

నిజానికి ఆ మధ్య అరలో ఉన్న వాసన చాలా పాతది. మన దగ్గర కొన్ని వందల ఏళ్ళు అది ఆడదీ కాదు, మగదీ కాదు. దానికి మగ పేరు పెట్టింది ఇరవయ్యో శతాబ్దపు వ్యాపారం. మరి మన పాతకాలంలో అందరికీ అన్ని వాసనలూ సమానమేనా అంటే, అదీ కాదు. మనవాళ్ళు గీసిన గీత ఇంకోచోట ఉంది. ఈ రెండు గీతల సంగతీ ఒక్క వేరును పట్టుకుని చెప్తాను. ఆ వేరు మనందరికీ తెలిసిన వట్టివేరే.

వట్టివేరు ఒక గడ్డి. పైకి చూస్తే రెల్లు దుబ్బులా ఉంటుంది, దానికంటూ ప్రత్యేకమైన అందమేమీ లేదు. ఆకుకి వాసన ఉండదు. ఉన్నదంతా భూమి లోపలే. దాని వేళ్ళు పక్కలకి పాకవు, తిన్నగా కిందికి దిగుతాయి. మూడు నాలుగు మీటర్ల లోతుకి పోతాయి. అందుకే వానకి మట్టి కొట్టుకుపోయే గట్ల మీద ఈ గడ్డిని వరసగా నాటుతారు. ఏడాది, ఏడాదిన్నర పెరిగాక దుబ్బునంతా తవ్వి, వేళ్ళు కోసి, కడిగి ఆరబెడతారు. పిలకల్ని మళ్ళీ నాటుకుంటారు. సంస్కృతంలో ఇది ఉశీరం, ఉత్తరాదిన ఖస్. ఫ్రెంచివాళ్ళు తమిళుల నోటి నుంచి విని వెటివేర్ అన్నారు. ఇవాళ ప్యారిస్ సెంట్ల మీద ఉండే వెటివర్ అన్న మాట పుట్టిల్లు మన దక్షిణాదే. అందులో మన "వేరు" వేరుగానే మిగిలి ఉంది చూడండి.

తెలుగు బీఏ చదివిన పుణ్యమో ఏమో, వాసనల సంగతి వచ్చినప్పుడల్లా నా మనసు మాటల మీదికి పోతుంది. "కంపు" అంటే ఇవాళ మనం ముక్కు మూసుకుంటాం. పాత తెలుగులో అది సువాసనకీ పేరే. "వలపు" అంటే ప్రేమ అనే మనకి తెలుసు, నిఘంటువు తీస్తే పరిమళం అన్న అర్థమూ ఉంటుంది. ఇక "వాసన" సరేసరి. పూర్వజన్మ వాసన అంటాం కదా, మనిషి వెళ్ళిపోయినా వదలకుండా అంటుకుని ఉండేది అని. వీటిలో ఏ మాటకీ ఆడా మగా తేడా లేదు.

ఇప్పుడు పాత పుస్తకాల్లోకి వెళ్దాం. కాళిదాసు అభిజ్ఞాన శాకుంతలం మూడో అంకం మొదట్లో కణ్వమహర్షి శిష్యుడొకడు ప్రియంవదను అడుగుతాడు, ఆ ఉశీరపు లేపనం, తామరాకులు ఎవరి కోసం తీసుకెళ్తున్నావని. ఎండదెబ్బ తగిలిన శకుంతల కోసం. అది ఎండదెబ్బ కాదనీ, దుష్యంతుడి దెబ్బ అనీ మనకి తెలుసు. చలవ కోసం ఆమె ఒంటికి పూసింది మాత్రం వట్టివేరే. అంటే అది ఒక పదహారేళ్ళ పడుచుపిల్ల ఒంటి మీది వాసన.

అదే కాలానికి కాస్త అటూ ఇటూగా వచ్చిన కామసూత్రాల్లో నగరంలో బతికే రసికుడి దినచర్య ఉంది. పొద్దున్నే లేచి పళ్ళు తోముకుని, ఒంటికి లేపనం రాసుకుని, ధూపం పట్టించుకుని, పూలదండ వేసుకుని, పెదవులకి లత్తుక రాసుకుని, అద్దంలో చూసుకుని, తాంబూలం నమిలి, అప్పుడు పనులు చూసుకోవాలట. చదువుతుంటే మనం పెళ్ళికి తయారవుతున్నట్టు ఉంటుంది. ఇంతా చేసి అది మగవాడి దినచర్య. పరిమళాలు కలపడం, అంటే గంధయుక్తి, అరవై నాలుగు కళల్లో ఒకటి.

ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ఈ గంధయుక్తికి ఒక అధ్యాయమే కేటాయించాడు. నక్షత్రాల లెక్కలు కట్టినాయన సుగంధాల లెక్కా కట్టాడు. పదహారు ద్రవ్యాలు చెప్పి, వాటిలో నాలుగేసి చొప్పున, పాళ్ళు మార్చి మార్చి కలిపితే 1,74,720 పరిమళాలు వస్తాయన్నాడు. ఆ పదహారులో తుంగముస్తలు ఉన్నాయి, అగరు ఉంది, గంధం ఉంది, కర్పూరం ఉంది, మన వట్టివేరూ ఉంది. వేళ్ళు, చెక్కలు, బెరళ్ళు, గింజలు ఇవే ఎక్కువ. ఇవాళ ఆ జాబితా చూపిస్తే దుకాణంలో కుర్రాడు మనల్ని మగవాళ్ళ గోడ దగ్గరికి పంపిస్తాడు.

మన వైపుకి వస్తే, కల్యాణి చాళుక్యుల రాజు మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో మానసోల్లాసం రాయించాడు. తెలంగాణలో చాలా భాగం అప్పుడు వాళ్ళ ఏలుబడిలోనే ఉంది. రాజుకి ఉండవలసిన సుఖాల్లో స్నానానికి ఒక భోగం, ఒంటిపూతకి ఒక భోగం, ధూపానికి ఒక భోగం అని విడివిడిగా చెప్పారందులో. ఇంకో నాలుగు వందల ఏళ్ళకి అక్బరు కాలం వచ్చింది. వెదురు చట్రాలకి వట్టివేళ్ళు దట్టించి, నీళ్ళు చల్లి, చల్లటి గదులు కట్టించుకున్నాడని అబుల్ ఫజల్ అయినీ అక్బరీలో రాశాడు. వాటి పేరు ఖస్‌ఖానా. మండువేసవిలో చలికాలం వచ్చినట్టుండేదట. మా చిన్నప్పుడు కిటికీలకి కట్టి నీళ్ళు కొట్టిన వట్టివేళ్ళ తడికెలు ఆ చక్రవర్తి గదికి పేద చుట్టాలే.

ఆయన కొడుకు జహంగీర్ ఇంకో తమాషా సంగతి రాసుకున్నాడు. గులాబీ అత్తరు నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం కనిపెట్టిందట. పన్నీరు కాచేటప్పుడు పైన తేలిన నూనెను ఆవిడ గమనించి తీసింది. దానికి చక్రవర్తి పేరే పెట్టారు, అత్తరే జహంగీరీ అని. ఒక ఆడమనిషి తీసిన పువ్వు వాసనకి మగ పేరు! ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. మన పెళ్ళిళ్ళలో పన్నీరు బుడ్డి పట్టుకుని గుమ్మంలో నిలబడే పిల్లలు కూడా వచ్చేది మామయ్యా, అత్తయ్యా అని చూడకుండా చల్లేస్తారు కదా, అదీ ఆ సంప్రదాయమే.

ఇంతవరకూ బాగుంది. ఇక మనవాళ్ళు గీసిన గీత సంగతి.

గురువు దగ్గర చదువుకునే బ్రహ్మచారి గంధం పూసుకోకూడదు, పూలమాల వేసుకోకూడదు అంది మనుస్మృతి. సుఖాల మీదికి మనసు పోకూడదని. అయితే వాడి చదువు ముగిసిన రోజున స్నానం చేయించి, గంధం పూసి, దండ వేసి, గొడుగూ చెప్పులూ ఇచ్చి పంపేవారు. ఇప్పటికీ మన పెళ్ళిళ్ళలో పొద్దున్నే పెళ్ళికొడుక్కి చేసే స్నాతకం అదే. ఆ నిషేధానికి ఒక ఆఖరి రోజు ఉంది, ఆ రోజుకి ఒక పండగ ఉంది.

అదే నిషేధాన్ని భర్త పోయిన స్త్రీకీ పెట్టారు. పూలు వద్దు, గంధం వద్దు, తాంబూలం వద్దు, కాటుక వద్దు. ఈ నిషేధానికి మాత్రం ఆఖరి రోజు పెట్టలేదు. బ్రహ్మచారికి నాలుగేళ్ళో పన్నెండేళ్ళో ఉన్నది ఈమెకి బతికున్నన్నాళ్ళూ. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు వంటకి, నీళ్ళకి మనుషులు దొరక్కపోతే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్ళు మోశారని చదువుకున్నాం. పెళ్ళి సంగతి చరిత్రకెక్కింది. పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయిన లక్షలమంది ఆడవాళ్ళ పూలూ గంధమూ ఏమయ్యాయని ఎవరూ పెద్దగా రాయలేదు. అది ఇంటింటి చరిత్ర కనక మా ఇంటి సంగతే చెప్తాను.

మా నాన్నకి మూడేళ్ళప్పుడు మా తాతయ్య పోయారు. అప్పటికి మా నాయనమ్మకి ఇరవై ఆరేళ్ళు. పేరంటాల్లో ఆడవాళ్ళు ఒకరి మెడకి ఒకరు గంధం రాసుకుంటుంటే వంటింట్లో కూర్చునేదట. పెరట్లో సన్నజాజి పందిరి ఆవిడే నీళ్ళుపోసి పెంచేది, కోసి మాలకట్టి ఇంట్లో వాళ్ళందరికీ ఇచ్చేది, ఒక్క పువ్వు తను పెట్టుకునేది కాదు. నాకు గుర్తున్న నాయనమ్మ తెల్లచీర, ఆ చీర నుంచి వచ్చే ఒక వాసన. తొలకరికి తడిసిన నేలలా, కొంచెం చేదుగా, కొంచెం పొగలా, చాలా చల్లగా ఉండేది. అది ఎక్కడిదో చాలా రోజులు నాకు తెలీదు. మా మేనత్త చెప్పింది. నాయనమ్మ తన ట్రంకు పెట్టెలో, చీరల మడతల మధ్య వట్టివేళ్ళ కట్టలు పెట్టుకునేదట. ఒకసారి తోడికోడలు పెట్టె తెరిచి చూసి, "ఇదేమిటి, నీకు సువాసనలేమిటి?" అని అడిగితే, నాయనమ్మ తొణక్కుండా, "ఇది పువ్వా? గంధమా? వట్టి వేరే కదా అక్కయ్యా. పురుగు పట్టకుండా పెట్టాను" అందట.

వట్టి వేరే కదా! ఆ మాట విన్నప్పుడు నవ్వొచ్చింది, ఆ తర్వాత చాలాసేపు నోట మాట రాలేదు. ఆవిడ చదువుకోలేదు. కానీ భాషలో ఉన్న ఒక చిన్న సందుని కనిపెట్టి, దానిలోంచి తనకి కావలసింది ఇంట్లోకి తెచ్చుకుంది. పూలూ గంధమూ నిషేధాల జాబితాలో ఉన్నాయి. వేరు లేదు. తాగే నీళ్ళ కుండలో వేసేది, జ్వరం కషాయంలో వేసేది, తడికెలకి కట్టేది, అదొక సరుకు. దాన్ని ఎవరూ అలంకారం అనుకోలేదు కనక ఎవరూ అడ్డుపడలేదు. ఇవాళ్టి దుకాణం భాషలో చెప్పాలంటే అది నిజమైన యూనిసెక్స్. ముత్తయిదువులదీ కాదు, మగవాళ్ళదీ కాదు. ఏ లెక్కలోకీ రానివాళ్ళది.

ఇక రెండో గీత. అది సముద్రాల అవతల పడింది. అక్కడ కూడా మొదట్లో ఆడా మగా అని లేదు. 1709లో జర్మనీలోని కొలోన్ ఊళ్ళో ఫరీనా అనే ఇటలీ ఆయన వ్యాపారం మొదలుపెట్టి అమ్మిన నిమ్మజాతి పరిమళజలం అందరూ వాడారు. నెపోలియన్ అయితే సీసాలకి సీసాలు ఖర్చుపెట్టేవాడట. పందొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరు శాలువాలని పురుగు పట్టకుండా పచ్చోలి ఆకులు వేసి ఓడలెక్కించేవారు. ఆ మట్టి వాసన ఉంటేనే అసలైన శాలువా అని ఐరోపా దొరసానులు నమ్మేవారు. అంటే, మట్టి వాసన అప్పుడు వాళ్ళకి గొప్పింటి ఆడవాళ్ళ వాసన.

1868లో విలియం పెర్కిన్ కౌమరిన్ అనే పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. కోసిన గడ్డి ఎండుతున్నప్పుడు వచ్చే తియ్యటి వాసన అది. దాన్ని వాడి 1882లో హూబిగాన్ సంస్థ ఫూజేర్ రాయాల్ అనే సెంటు తెచ్చింది. 1889లో గెర్లాన్ సంస్థ జికీ తెచ్చింది. జికీని మగవాళ్ళూ పూసుకున్నారు, ఆడవాళ్ళూ పూసుకున్నారు. 1934లో కారన్ అనే సంస్థ ఏకంగా "పురుషుడి కోసం" అని పేరే పెట్టి ఒకటి తెచ్చింది. ఇక అక్కడి నుంచి గోడలు లేచాయి.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఓల్డ్ స్పైస్‌ది. మన నాన్నలు గడ్డం గీసుకుని బుగ్గలకి రాసుకున్న ఆ ఘాటు వాసన, పడవ బొమ్మ ఉన్న సీసా, ఎవరికి గుర్తులేదు? అది 1937లో అమెరికాలో మొదట విడుదలైంది ఆడవాళ్ళ కోసం! మగవాళ్ళది ఆ మరుసటేడు వచ్చింది. ఇవాళ దాన్ని ఆడవాళ్ళ వాసన అంటే మన నాన్నలు ఒప్పుకుంటారా?

వట్టివేరుకీ అదే జరిగింది. 1921లో వచ్చిన షనెల్ నంబర్ 5 లోకమంతా ఎరిగిన ఆడవాళ్ళ సెంటు. పైన మల్లె, గులాబీ. అడుగున గంధపుచెక్క, వట్టివేరు. అక్కడ దాని పేరు బయటికి రాలేదు. 1957లో కార్వెన్, ఆ తర్వాత కొద్ది ఏళ్ళలోనే గెర్లాన్, జివాన్షీ సంస్థలు దాని పేరుతోనే సీసాలు తెచ్చాయి. అన్నీ మగవాళ్ళకే. మట్టీ పొగాకూ కలిసిన తోటమాలి వాసన తమకి ప్రేరణ అని గెర్లాన్ వాళ్ళు చెప్పుకుంటారు. ఆడవాళ్ళ సీసాలో అడుగున పేరు లేకుండా పనిచేసిన వేరు, పేరు వచ్చేసరికి మగదైపోయింది. మనకి ఇది కొత్త కథా? ఇంట్లో రోజూ వంట చేసేది అమ్మ, పెళ్ళి వంటకి పేరు మోసేది వంటాయన.

1994లో సీకే వన్ అని ఒకటి వచ్చి ఇది ఇద్దరిదీ అని ప్రకటించింది. లోకం అబ్బురపడింది. అప్పటి నుంచి మధ్య అర మెల్లగా పెరుగుతూ వచ్చింది. ఇప్పుడు అందులో గంధం, దేవదారు, వట్టివేరు, తడిమట్టి వాసనలదే పెత్తనం.

తడిమట్టి అంటే గుర్తొచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో కన్నౌజ్ అనే ఊరు అత్తర్లకి పెట్టింది పేరు. అక్కడ మట్టితోనే అత్తరు తీస్తారు. కాల్చిన మట్టిబిళ్ళల్ని రాగి డేగిశాలో నీళ్ళతో కలిపి, మూతకి మట్టి మెత్తి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి పోయి, నీళ్ళ తొట్టిలో ఉంచిన ఇంకో పాత్రలో చల్లబడుతుంది. ఆ పాత్రలో గంధపునూనె ఉంటుంది. మట్టి వాసనని పట్టి ఉంచేది ఆ నూనే. అక్కడ వట్టివేరు నుంచి తీసేదాన్ని రూహ్ ఖస్ అంటారు. రూహ్ అంటే ఆత్మ. రాగి పాత్రల్లో కాస్తారు కనక అది పచ్చటి రంగులో ఉంటుంది.

1964లో ఆస్ట్రేలియాలో ఇసబెల్ జాయ్ బేర్ అనే శాస్త్రవేత్త, ఆవిడ సహచరుడు రిచర్డ్ థామస్ నేచర్ పత్రికలో ఒక వ్యాసం రాసి, ఎండిన నేల మీద వాన పడినప్పటి వాసనకి పెట్రికోర్ అని పేరు పెట్టారు. ఈ వాసనని మన ఉత్తరప్రదేశ్‌లో ముందే సీసాకెక్కించారన్న సంగతి ఆ వ్యాసంలో వాళ్ళే చెప్పారు. మరుసటేడు నాన్సీ గెర్బర్, హ్యూబర్ట్ లషెవలియే కలిసి మట్టి వాసనకి మూలమైన పదార్థానికి జియోస్మిన్ అని పేరు పెట్టారు. మట్టిలో ఉండే సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. ఈ వాసనని మన ముక్కు ఎంత కొంచెమున్నా పసిగట్టేస్తుంది. ఈ రెండు పేర్ల వెనకా ఒక్కో ఆడమనిషి ఉందని తెలిసి నాకు భలే సంతోషమేసింది. మట్టి వాసన మగవాళ్ళదని ఇంకెవరైనా అంటే వాళ్ళిద్దరి పేర్లూ చెప్పొచ్చు.

ఈ వాసన ఎలాంటి మనిషిని గుర్తుకు తెస్తుంది అని ఆలోచిస్తే నాకు ఒక రకం మనుషులు కనిపిస్తారు. సెంటులో మొదట తగిలే వాసనలు నిమిషాల్లో పోతాయట. పూల వాసనలు కొన్ని గంటలుంటాయి. చివరికి బట్టల్లో మిగిలేవి చెక్కలూ వేళ్ళే. పెళ్ళింట్లోనూ అంతే కదా. మొదట కనిపించేది జరీ చీరలు, నవ్వులు, కబుర్లు. అందరూ వెళ్ళాక, కొట్టుగది తాళాలు నడుముకి దోపుకుని మిగిలిన గిన్నెలు లెక్కపెట్టుకునే ఒక పిన్ని ఉంటుంది చూడండి, ఆవిడది వట్టివేరు వాసన. ఆస్పత్రిలో రాత్రి కాపలాకి ఎవరుంటారు అని అందరూ మొహమొహాలు చూసుకుంటుంటే ఏమీ అనకుండా దుప్పటి తెచ్చుకుని బెంచీ మీద కూర్చునే బాబాయ్ ఒకాయన ఉంటాడు, ఆయనదీ అదే. గుమ్మంలోకి రాగానే తెలిసే మనుషులు కారు వీళ్ళు. వెళ్ళిపోయాక తెలుస్తారు.

అయితే ఇక్కడ ఒక మాట చెప్పాలి. వేరులా కనపడకుండా ఉండి ఇంటిని నిలబెట్టమని ఆడవాళ్ళకి చెప్పేవాళ్ళు ఎప్పుడూ తక్కువ లేరు. ఈ వాసనని పొగుడుతూ నేనూ ఆ పాటే పాడదలచుకోలేదు. మా నాయనమ్మ వేరుని ఎంచుకోలేదు. మిగతావన్నీ లాగేసుకుంటే చేతిలో మిగిలింది అది. సన్నజాజి పెట్టుకునే వీలుండీ వట్టివేరు కావాలనుకోవడం వేరు, ఏ వీలూ లేక దానితో సరిపెట్టుకోవడం వేరు. తెలుగులో ఈ "వేరు"కి రెండర్థాలుండటం ఒక్కోసారి మంచిదే.

రెండేళ్ళ క్రితం మా మామయ్యగారు పోయారు. ఈ రోజుల్లో మా ఇళ్ళలో ఎవరూ ఎవరినీ బలవంతపెట్టరు. కానీ పదకొండో రోజు దాటగానే మా అత్తయ్యగారు తన పౌడరు డబ్బా పనమ్మాయికి ఇచ్చేశారు. గంధపు సబ్బు మానేశారు. పూల బుట్టావిడ వస్తే, "మా కోడలికి ఇయ్యి" అని లోపలికి వెళ్ళిపోయేవారు. నేను ఏమన్నా అంటే, "నాకే మనసు లేదమ్మా" అనేవారు. మనసు లేదో, మనసులో ఎవరో కూర్చుని వద్దంటున్నారో అడగడానికి నాకు నోరు రాలేదు.

మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం. చార్మినారు దగ్గర అత్తరు కొట్లో చిన్న సీసా కొనుక్కొచ్చి నానమ్మ చేతిలో పెట్టింది. ఆ పూట ఇంటికి వచ్చిన దూరపు చుట్టం ఒకావిడ చూసి, "ఈ వయసులో, ఈ పరిస్థితిలో మీ అత్తగారికి సెంటేమిటే? పైగా ఇది మగాళ్ళు పూసుకునేదిలా ఉంది" అంది. ఒక్క వాక్యంలో రెండు గీతలూ గీసేసింది, చూడండి! వెయ్యేళ్ళ నాటిది ఒకటి, మొన్న మొన్నటిది ఒకటి. నేను జవాబు వెతుక్కునే లోపే మా అత్తయ్యగారు సీసా మూత తీసి వాసన చూశారు. "మా పుట్టింట్లో మంచినీళ్ళ కుండలో ఇదే వాసన" అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ రాత్రి దూది మీద చుక్క వేసి దిండు కింద పెట్టుకున్నారు.

ఒంటికి మాత్రం చాలా రోజులు రాసుకోలేదు. నవంబరులో పెన్షను కోసం బతికున్నట్టు సంతకం పెట్టడానికి బ్యాంకుకి వెళ్ళాలి. ఆటో వచ్చిందని పిలవడానికి వెళ్తే, అద్దం ముందు నిలబడి మణికట్టు మీద ఒక చుక్క రాసుకుంటున్నారు. నన్ను చూసి, "ఎక్కువైందా?" అన్నారు. "లేదండీ, సరిపోయింది" అన్నాను. ఆటోలో పక్కపక్కన కూర్చుంటే ఎండలో ఆ వాసన నాకు వచ్చిపోతూ ఉంది. అక్కడ గుమాస్తా కాగితం తిప్పుతూ, "ఇక్కడ సంతకం పెట్టండమ్మా" అని చూపించాడు. మా అత్తయ్యగారు తీరిగ్గా, గుండ్రంగా పూర్తి పేరు రాశారు.

మొన్న మా అమ్మాయి ఫోను చేస్తే, "ఆ సీసా అయిపోవచ్చిందే, ఈసారి వచ్చేటప్పుడు ఇంకోటి పట్రా" అన్నారు. తర్వాత ఒక్క క్షణం ఆగి, "సన్నజాజి అత్తరు కూడా ఉంటుందా అక్కడ?" అని అడిగారు.